మరగుండెకు తాళంచెవి

ఘంటికాపురంలో పొద్దు వాలే వేళకు వీధుల్లో పురుగు కూడా కనిపించదు. కూరగాయల గంపలు ఎక్కడివక్కడే, మగ్గం మీద చీర ఎక్కడిదక్కడే. చిన్నా పెద్దా, ముసలీ ముతకా అందరూ కోటలోని కొలువుకూటానికి పరుగు. ఎందుకనుకున్నారు? ఒక మనిషి గుండెకు తాళం తిప్పుతుంటే కళ్లారా చూడ్డానికి!

ఆ కొలువుకూటం వైభవం ఏమని చెప్పను! పగడపు స్తంభాలు, వాటికి అల్లుకున్న వెండి తీగలు, తీగల మీద పచ్చలు తాపిన చిలకలు, పైన గోమేధికాలు పొదిగిన కప్పు, కింద ముఖం చూసుకోగలిగే నల్లరాతి నేల. ఆ నేల నడుమ ఎత్తయిన గద్దె, గద్దె మీద సేనాపతి కొడుకు వజ్రకేతుడు. అతనికి కుడిచెయ్యి అందరి చెయ్యి లాంటిదే. ఎడమది మాత్రం భుజం నుంచి గోళ్ల దాకా నిగనిగలాడే కంచు. రొమ్ము మీద అరచెయ్యంత స్ఫటికపు పలక, దాని వెనక ఒకదానితో ఒకటి పళ్లు కలిపి తిరిగే బంగారు చక్రాలు. అదే అతని గుండె. అది కొట్టుకోదు, తీగ మీటినట్టు సన్నగా మోగుతుంది.

పడమటి కిటికీలో సూర్యబింబం కొండను తాకగానే అంతఃపురం తలుపు తెరుచుకుంది. మంత్రిగారి కూతురు హేలావతి వచ్చింది. తల నిండుగా నీలిపట్టు ముసుగు, చేతిలో పసుపు పూసిన తాళంచెవి. వజ్రకేతుడి రొమ్ము మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో తాళంచెవి పలకలో దోపి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పింది. చక్రాల మోత నిండుగా లేచింది. ఊళ్లోని గంటలన్నీ ఒక్కసారి గణగణమన్నాయి. జనం కేరింతలు కొట్టారు.

ఇంతమంది సంబరపడుతుంటే స్తంభం చాటున నిలబడ్డ ఒక్కడికి మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టుంది. వాడే యువరాజు అరిందముడు, మన కథానాయకుడు. యువరాజుని పట్టుకుని వాడూ వీడూ అంటావా అని నా మీద కోప్పడకండి. రేపు అతను చేయబోయే పని వింటే మీరు అంతకన్నా పెద్దమాటే అంటారు.

పోయిన వేసవిలో గుర్రపుగొంతు కనుమ దగ్గర శత్రురాజు కరాళుడి సేనతో యుద్ధం జరిగింది. అరిందముడి మీదికి దూసుకొచ్చిన శూలానికి వజ్రకేతుడు అడ్డుపడ్డాడు. చెయ్యి తెగింది, గుండె చీలింది. ప్రాణం గొంతులో ఉండగా కోటకు మోసుకొస్తే, కాటుకసరస్సు నడుమ కొలిమిదీవిలో ఉండే తామ్రభట్టు అనే మాంత్రికుడు పిలవని పేరంటంగా వచ్చాడు. కంచు చెయ్యి అతికాడు, బంగారు గుండె పెట్టాడు.

"వీడింక మూడువందల ఏళ్లు బతుకుతాడు. ముడత పడదు, రోగం రాదు" అన్నాడు. "కాకపోతే రోజూ సంధ్యవేళ తాళం తిప్పాలి. మొదట తిప్పిన చెయ్యే ఎప్పటికీ తిప్పాలి. తిప్పేవాళ్లు తమకేమనిపించినా ఎవరితోనూ నోరు మెదపకూడదు. మెదిపారా, గుండె ఆగుతుంది. ఎవరు తిప్పుతారో రండి."

అందరూ అరిందముడి వైపు చూశారు. ఎవరి కోసం పడిపోయాడో అతనే కదా ముందుకు రావాలి! అరిందముడు ఆ చక్రాలను చూశాడు. ఒళ్లు జలదరించి తల దించుకున్నాడు. మళ్లీ తలెత్తేసరికి హేలావతి తాళంచెవి అందుకుని తిప్పేసింది.

హేలావతి అరిందముడికి స్వయానా మేనమామ కూతురు. పుట్టినప్పుడే ఈమె అతనికని పెద్దలు అనుకున్న పిల్ల. అలాంటి పిల్ల రోజూ ఊరందరి ముందూ ఇంకొకడి గుండె మీద చెయ్యి వేస్తోంది! అదీ చాలక ఆర్నెల్లు తిరక్కుండా ముసుగు వేసుకుంది. ఘంటికాపురం ఆడపిల్లలు పూలజడలు ఊపుకుంటూ తలెత్తుకు తిరుగుతారు. మనసులో ఒకణ్ణి ఖాయం చేసుకున్ననాడే తలకు ముసుగు వేస్తారు. ఆ ఒకడెవడో అడగకూడదు, పెళ్లిపీటల మీదే తెలియాలి. అదీ అక్కడి ఆచారం.

నాకోసమే అనుకోవచ్చుగా అంటారా? ఎలా అనుకుంటాడు పాపం! ముసుగు వేసిన దగ్గర్నుంచీ ఆమె అతనితో చదరంగం ఆడటం మానేసింది. ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటుంది. నవ్వితే పెదాలే నవ్వుతాయి. ఇవన్నీ అరిందముడు ఒక్కటి కూడా పోకుండా ఏరుకుని కడుపులో దాచుకున్నాడు. అవి లోపల కుతకుతా ఉడుకుతున్నాయి.

మర్నాడు ఉదయం వీరవిహారం పండుగ. కోట ముందు మైదానమంతా రంగురంగుల డేరాలు, పూలతోరణాలు, సన్నాయిల హోరు. ఊరేగింపు నడుస్తుండగా పట్టపుటేనుగు భద్రగిరికి మదమెక్కింది. మావటిని విసిరికొట్టి జనం మీదికి ఉరికింది. అరిందముడు అంకుశం పట్టుకుని ఒక్క దూకులో దాని ముందు నిలిచాడు. కుంభస్థలం మీద పొడవబోయేంతలో తొండం విసురుకు వెల్లకిలా పడ్డాడు. ఏనుగు కాలెత్తింది.

మెరుపులా ఒక కంచు చెయ్యి వచ్చి దంతాన్ని పట్టుకుంది. వజ్రకేతుడు ఒక్క మెలి తిప్పాడు. కొండంత ఏనుగు ఘీంకరించి మోకాళ్ల మీద కూలబడింది.

"కేతూ!" అని మేడ మీంచి కేక. హేలావతి గొంతే!

అరిందముడు నేల మీద పడుకునే ఆ కేక విన్నాడు. చావు తప్పిందన్న సంతోషం ఏ మూలా లేదు. నిన్నమొన్నటి దాకా సేనాపతిపుత్రా అని పిలిచేది, ఇప్పుడు కేతూ అట! బావా అని ఎందుకు అరవలేదు? ఏనుగు కింద ఉన్నది నేను కదా?

"లేరా, దెబ్బేమైనా తగిలిందా?" అంటూ వజ్రకేతుడు ఆ కంచు చెయ్యే అందించాడు.

"నాకు చేతులున్నాయిలే" అని అరిందముడు దుమ్ము దులుపుకుని లేచాడు. మహారాజు అందరూ చూస్తుండగా తన మెడలోని రత్నహారం తీసి వజ్రకేతుడి మెడలో వేశాడు. అరిందముడి కళ్లలో ఎవరో నిప్పులు పోసినట్టయింది.

వీడికి కొండల్ని పిండిచేసే చెయ్యి! మూడువందల ఏళ్ల ఆయువు! నేను ముసలినై పళ్లూడి కర్ర పట్టుకునేనాటికి వీడు ఇలాగే నిగనిగలాడుతూ ఉంటాడు. నా హేలావతి రోజూ వీడి గుండె మీద చెయ్యి వేస్తూనే ఉంటుంది. నాకూ ఒక మరగుండె కావాలి! అదీ ఆ తాళంచెవికే తిరిగే గుండె కావాలి. అప్పుడు ఆమె వీడికి తిప్పిన చేత్తోనే నాకూ తిప్పి తీరాలి!

చూశారా తెలివి! కుళ్లుకు ఎంతటి తెలివి పుడుతుందో చూశారా!

జనమంతా మైదానంలో ఉన్నారు. అరిందముడు పిల్లిలా అంతఃపురం పూజగదిలోకి దూరి, అమ్మవారి పాదాల దగ్గర పసుపుగిన్నెలో ఉన్న తాళంచెవి తీసి మొలలో దోపుకున్నాడు. సంధ్యవేళ దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఈలోపు తామ్రభట్టుకు చూపించి, జత గుండె చేయించుకుని వచ్చేయాలి. ఆలస్యమైతే? వజ్రకేతుడి గుండె ఆగుతుంది. ఆ ఆలోచన రాగానే గబగబా గుర్రమెక్కాడు. ఆలోచన మాత్రం వెంట వచ్చింది.

కాటుకసరస్సు పేరుకు తగ్గట్టే నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. నడిమధ్య దీవి, దీవి నిండా పొగగొట్టాలు. రాచవాళ్లను తామ్రభట్టు ఒడ్డెక్కనివ్వడు. కొలిమికి కావాల్సిన బొగ్గు మాత్రం పడవల్లో వెళుతుంటుంది. అరిందముడు పట్టుబట్టలు విప్పి, ఒంటినిండా మసి పూసుకుని, గోనె కప్పుకుని, బొగ్గు పడవ ఒకటి బేరమాడి తెడ్డు పట్టాడు.

సగం దూరం పోయాడో లేదో, నీళ్లు సుడి తిరిగాయి. తళతళలాడే ఇత్తడి మొసలి ఒకటి పైకి లేచింది! కళ్లు కెంపులు, పళ్లు రంపాలు, మెడకింద కీళ్లు కిర్రుకిర్రుమంటున్నాయి. బొగ్గు పడవల్ని ఏమీ అనని మొసలి దీన్నెందుకు పట్టింది? అరిందముడు తన చేతి వంక చూసుకుని నాలుక కరుచుకున్నాడు. అన్నీ విప్పాడుగానీ రాజముద్రిక తీయలేదు. మసిలోంచి అది ధగధగా మెరుస్తోంది. మొసలి నోరు తెరిచి పడవ అంచు కొరికింది. నీళ్లు బుడబుడా లోపలికి వచ్చాయి. అరిందముడు ఉంగరం ఊడబెరికి దాని గొంతులోకి విసిరాడు. ఉంగరం చక్రాల పళ్ల మధ్య ఇరుక్కుంది. మొసలి తెరిచిన నోరు తెరిచినట్టే కటకటలాడి, ఒక్క కుదుపుతో బిగుసుకుపోయి మునిగిపోయింది. పడవ కూడా మునిగేదే, బొగ్గంతా నీళ్లలో పారబోసి ఎలాగో ఒడ్డు పట్టాడు.

లోపల కొలిమిమందిరం. గోడలకు వరసగా వేలాడుతున్న కంచు చేతులు, వెండి కాళ్లు, పాదరసం నింపిన కళ్లు. దూలాల మీద రెక్కలు ముడుచుకుని నిద్రపోతున్న మరగద్దలు. మధ్యలో మండే కొలిమి ఎదుట రాగి సింహాసనం మీద తామ్రభట్టు. అతనిలో ఇంకా మనిషిగా మిగిలినవి ఎడమ కన్నూ నాలుకా మాత్రమే. తక్కినదంతా లోహం. అతని రొమ్ముకు ఒక పండు ముసలమ్మ తాళం తిప్పుతోంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి అతని కన్ను మూతపడింది, గుర్రుమని గురక మొదలైంది.

"అవ్వా, మాంత్రికులవారు ఎంతసేపటికి లేస్తారు?" అని అరిందముడు గుసగుసగా అడిగాడు.

ముసలమ్మ అతని వంక తేరిపార చూసింది. బోసినోటితో నవ్వింది.

"అవ్వనా? నా వయసెంత అనుకున్నావు నాయనా?"

"డెబ్బై... ఎనభై..."

"నీలవేణి నా పేరు. మొన్న మాఘానికి ఇరవయ్యోది వచ్చింది. జడ నేలకు తగిలేది. ఈ దీవి చూద్దామని సరదాపడి వచ్చి, ఈయన మూర్ఛలో ఉంటే జాలిపడి తాళం తిప్పాను. అంతే."

"అంతే అంటే?"

"మరగుండెలు ఊరికే ఆడతాయా? ఆయువు ఎక్కడినుంచో రావాలి కదా. తిప్పిన చేతిలోంచి లాగుతుంది. ముందు జుట్టు తెల్లబడుతుంది. తర్వాత నవ్వు పోతుంది. మొహం చూపించుకోలేక మనుషుల్ని తప్పించుకు తిరుగుతాం."

అరిందముడు కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చి అతని మొహం మీదే పడ్డాయి. ముసుగు! మానేసిన చదరంగం! పక్క సందులు! పెదాల నవ్వు!

"మొదటి చెయ్యే ఎందుకు తిప్పాలట?"

"చేతులు మారితే నలుగురికీ తెలిసిపోతుందని ఈయన కట్టిన కథ. నోరు మెదిపితే గుండె ఆగుతుందన్నదీ కథే. ఇదుగో, మెదుపుతున్నానుగా, ఎలా గురకపెడుతున్నాడో చూడు!" నీలవేణి మూతి తిప్పింది. "ఎవరి చెయ్యయినా తిరుగుతుంది నాయనా. ఇష్టంగా ఇవ్వాలి, అంతే. లోపల కుళ్లు పెట్టుకుని ముట్టుకుంటే మొరాయిస్తుంది."

"బొగ్గులవాడి వేలికి ఉంగరపు మచ్చ ఎక్కడిదబ్బా?"

తామ్రభట్టు కన్ను తెరుచుకుని ఉంది. రాగి పెదవులు విడివడ్డాయి. "రా, యువరాజా. నువ్వు వస్తావని నాకు తెలుసు. ఇలాంటి గుండెను ఒకడికి పెడితే పక్కవాడు తనంతట తానే నడిచి వస్తాడు. నేను ఎవరినీ పిలవక్కర్లేదు."

కొలిమి పక్కన మూత తీసిన భరిణెలో మరో గుండె. వజ్రకేతుడిది బంగారమైతే ఇది నవరత్నాలది. కెంపుల చక్రాలు, వైడూర్యాల ఇరుసులు. చూస్తూ ఉంటే అరిందముడి చెయ్యి తెలియకుండానే ముందుకు కదిలింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, ఇంత విన్నాక కూడా కదిలింది!

"ఇది అయిదువందల ఏళ్లది. వాడికన్నా రెండువందలు ఎక్కువ" అన్నాడు తామ్రభట్టు తియ్యగా. "ఆ తాళంచెవికే తిరుగుతుంది. ఆ పిల్ల రోజూ ఇద్దరికీ తిప్పుతుంది. నీక్కావలసింది అదే కదా?"

"ఆ పిల్ల ఎన్నాళ్లు తిప్పగలదు?"

"వచ్చే ఏరువాక దాకా వస్తుందనుకుంటా. తర్వాత ఇంకో పిల్ల. లోకంలో జాలిపడేవాళ్లకు కరువా?"

అరిందముడు భరిణెను ఎగిరి తన్నాడు. నవరత్నాల గుండె కొలిమిలో పడి పెటపెటా పేలింది. తామ్రభట్టు రాగి చెయ్యి పాములా చాచి అతని మణికట్టు పట్టుకుంది. ఎముక పటపటమంది. అంతలో ఆ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. కాళ్లూ ఆగిపోయాయి.

"ఈ పూట సగమే తిప్పాను" అంది నీలవేణి. చక్రాలకు వేసే నూనె గిన్నె తెచ్చి అరిందముడి మణికట్టు మీద గుమ్మరించింది. చెయ్యి జారి బయటపడింది.

"నాతో రా చెల్లీ!"

ఆ పిలుపుకు నీలవేణి కళ్లు చెమర్చాయి. "నన్ను ఆ మాట అని ఎన్నాళ్లయిందో! నువ్వు పో అన్నా. ఈ కొలిమి ఆర్పకుండా నేను కదలను. నా చేతిలో తాళంచెవి ఉన్నంతసేపూ వీడు లేవలేడు."

"నేను లేవలేను" అన్నాడు తామ్రభట్టు. "కానీ నాలుక నాదే!" సన్నగా ఈల వేశాడు. దూలాల మీది గద్దలు ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి.

ఇక పరుగే పరుగు! పడవలో దూకాడు, తెడ్డు వేశాడు. గద్దలు మీదికి దూకితే తెడ్డుతో బాదాడు. ఒకటి భుజం చీల్చింది, ఒకటి తెడ్డు విరిచింది. చేతులతోనే నీళ్లు తోసుకుంటూ ఒడ్డెక్కి గుర్రం మీద పడ్డాడు. పొద్దు పడమటికి జారుతోంది. గుర్రం నోట నురగ కక్కుతోంది. కోట ఇంకా కనిపించడం లేదు. "ఇంకొక్క గడియ ఆగరా సూర్యుడా" అని అరిందముడు పళ్లు బిగించి అరిచాడు. ఎవరి కోసం అరుస్తున్నాడో అతనికే తెలియదు.

కొలువుకూటంలో గోలగోలగా ఉంది. పసుపుగిన్నె ఖాళీ! సూర్యబింబం కొండ మీద సగం కుంగిపోయింది. గద్దె మీద వజ్రకేతుడు తల వాల్చేశాడు, చక్రాలు ఆగి ఆగి తిరుగుతున్నాయి. హేలావతి అతని పాదాల దగ్గర కూలబడి ఉంది. ఆ సమయంలో మసీ నెత్తురూ కారుతున్న గోనెమనిషి ఒకడు భటుల్ని తోసుకుంటూ లోపలికి వచ్చి తాళంచెవి పైకెత్తాడు.

"బావా! నువ్వా?" హేలావతి ఎగిరి లేచింది. "ఇటివ్వు! ఇంక సమయం లేదు!"

"ఇవ్వను."

కూటమంతా హాహాకారాలు. మహారాజు సింహాసనం మీంచి లేచి, "ఒరేయ్, నీకు మతిపోయిందా! నీ ప్రాణం కాపాడినవాణ్ణి చంపుకుంటావా!" అని గర్జించాడు. హేలావతి తాళంచెవి కోసం అతని చేతి మీదికి దూకింది. ఆ పెనుగులాటలో నీలిపట్టు ముసుగు జారి నల్లరాతి నేల మీద పడింది.

ఆ నల్లరాతి మీద కనిపించిన జడ దూదిలా తెల్లగా ఉంది.

మంత్రిగారు ముందుకు వచ్చి "అమ్మాయీ" అన్నాడు. వజ్రకేతుడు బరువుగా కళ్లెత్తి ఆ జడను చూశాడు. అతనికీ ఇదే మొదటిసారి చూడటం.

"తిప్పొద్దు" అన్నాడు. "ఎవరూ తిప్పొద్దు నాకు."

"నువ్వు నోర్ముయ్యరా!" అరిందముడు అతని రొమ్ము మీద చెయ్యి వేసి తాళంచెవి దోపాడు. బలమంతా పెట్టి తిప్పాడు. కదల్లేదు. మళ్లీ తిప్పాడు. కదల్లేదు. కదలదు మరి! హేలావతి తన వయసంతా ధారపోసింది, వీడికే ధారపోసింది, నాకు ఒక్క మాటైనా చెప్పలేదు అన్న మంట ఇంకా లోపల భగభగమంటూనే ఉంది.

"తిరగడం లేదు హేలా! నా లోపల ఏముందో దీనికి తెలిసిపోయింది. వీణ్ణి చూస్తే నాకు కుళ్లు. రోజూ నువ్వు వీడి మీద చెయ్యి వేస్తుంటే చచ్చేవాణ్ణి. నీ ముసుగు వీడికోసమేగా?"

హేలావతి తెల్లబోయి చూసింది. తర్వాత ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"ఎంత పిచ్చివాడివి బావా! ఆ రోజు అందరూ నీవైపు చూశారు, నువ్వు తల దించుకున్నావు. రేపు ఊరంతా నిన్ను పిరికివాడంటారని నేను ముందుకు వచ్చాను. ఇతను పడిపోయింది నీకోసం. నీ బదులు నేను తిప్పాను. ఇందులో నువ్వు కానిది ఏముంది?"

గద్దె మీంచి సన్నగా నవ్వు వినిపించింది. వజ్రకేతుడు! చక్రాల మధ్య నుంచి మాట గీరుకుంటూ వచ్చింది.

"నీకు నామీద కుళ్లా? నాకు నీమీద ఎంత ఉందో తెలుసా! నువ్వు మామిడిపండు తింటుంటే చూసి ఏడ్చుకునేవాణ్ణి. నాకు రుచి తెలీదురా. పొద్దున ఏనుగు దగ్గర కింద పడి లేస్తుంటే నీ మోచెయ్యి దోక్కుపోయింది, నెత్తురొచ్చింది. అదీ ఓర్వలేకపోయాను. రోజూ ఈ అమ్మాయి చెయ్యి నామీద ఉంటుంది కదా, అది వెచ్చగా ఉంటుందో చల్లగా ఉంటుందో కూడా తెలీదు నాకు. ఎలా ఉంటుందిరా?"

అరిందముడు చిన్నప్పటి నుంచీ ఆ చెయ్యి పట్టుకుని తిరిగినవాడే.

"చల్లగా ఉంటుందిరా" అన్నాడు. "ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది." ఆ మాట అంటుండగానే కళ్లలోంచి బొటబొటా నీళ్లు రాలాయి. స్ఫటికం మీద అతని అరచెయ్యి తనంతట తానే మెత్తబడింది. తాళంచెవి వెన్నలో దిగినట్టు తిరిగింది.

అరచేతిలోంచి సన్నటి దారమేదో లాగినట్టయింది. చక్రాలు జివ్వున మోగాయి. ఊళ్లో గంటలు మోగాయి. వజ్రకేతుడు నిటారుగా లేచి కూర్చున్నాడు. అరిందముడి చెంప దగ్గర, మసిలోంచి కూడా కనిపించేలా, ఒక్క పాయ తెల్లబడింది.

హేలావతి ఆ పాయను చూసి చెయ్యి చాచింది. "తాళంచెవి ఇటివ్వు బావా. అది నా పని."

"ఇన్నాళ్లూ చేశావు, చాలు." అతను తాళంచెవికి దారం కట్టి మెడలో వేసుకున్నాడు. హేలావతి దాన్ని ఓర్వలేనట్టు చూసింది.

సరిగ్గా అప్పుడే గోమేధికాల కప్పు భళ్లున పగిలింది. మరగద్దలు జడివానలా లోపలికి దూకాయి! వాటిలో అన్నిటికన్నా పెద్దది నోరు తెరిస్తే తామ్రభట్టు గొంతు వినిపించింది.

"యువరాజా! నాకు తాళం తిప్పే చేతిని చెడగొట్టి వెళ్లావు. నాకింకో చెయ్యి కావాలి. జాలిపడటం బాగా తెలిసిన చెయ్యి!"

అందరూ చూస్తుండగానే పెద్దగద్ద గోళ్లు హేలావతి నడుము చుట్టూ బిగుసుకున్నాయి. రెక్కలు లేచాయి. అరిందముడు ఎగిరి పట్టుకోబోయాడు, చేతికి గాలే చిక్కింది. వజ్రకేతుడు గద్దె మీంచి ఎగిరాడు. కంచు చెయ్యి గద్ద కాలిని పట్టుకుంది. గద్ద అతన్నీ మోసుకుని పగిలిన కప్పులోంచి ఎర్రటి ఆకాశంలోకి లేచిపోయింది.

"అరిందమా! తాళంచెవి!" అన్న కేక పైనుంచి వచ్చింది. అంతే, ముగ్గురిలో ఇద్దరు లేరు.

మహారాజు పరుగున వచ్చి కొడుకు భుజం పట్టుకున్నాడు. "సేనను సిద్ధం చేయిస్తాను. ముందు అమ్మాయిని తెచ్చుకుందాం. వాడి సంగతి..." అని ఆగాడు. ఆ మిగతా మాట ఆయన అనలేదుగానీ అరిందముడికి వినిపించింది. రేపు పొద్దు వాలేదాకా ఆలస్యం చేస్తే చాలు, ఇంక ఎవరిమీదా కుళ్లుకోవలసిన పని ఉండదు. తాళంచెవి తన మెడలోనే ఉంది.

అతను నేల మీది నీలిపట్టు ముసుగు తీసి గాయపడ్డ భుజానికి బిగించి కట్టుకున్నాడు.

"సేన వచ్చేదాకా ఆగలేను నాన్నగారూ" అన్నాడు. "నాకు ఇద్దరూ కావాలి."

నురగ కక్కుతున్న గుర్రాన్ని వదిలి కొత్త గుర్రమెక్కి, వచ్చిన దారినే సరస్సు వైపు దౌడు తీశాడు.